సీపాప్ మాస్క్: మీ ముఖానికి ఏది సరిపోతుంది? మీసం, ముక్కుపుడక, కట్టుడు పళ్లు ఉన్నవాళ్లు ఇవి చూసుకోవాల్సిందే

రాత్రంతా గురక.. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం.. తెల్లారితే తలనొప్పి, పగలంతా నిద్రమత్తు. పరీక్ష చేయిస్తే డాక్టర్ 'స్లీప్ ఆప్నియా' అన్నారు, సీపాప్ మెషిన్ రాశారు. వేలకు వేలు పోసి కొన్నారు. నెల తిరగకముందే అది అటకెక్కింది. మెషిన్‌లో లోపమేమీ లేదు. మాస్కే కుదరలేదు. గాలి కళ్లలోకి కొడుతోంది, ముక్కు మీద పుండు పడింది, అర్ధరాత్రి తెలియకుండానే పీకి పక్కన పడేస్తున్నారు.

సీపాప్ మానేసినవాళ్లను కారణం అడిగితే ఎక్కువగా వినిపించేది మాస్క్ బాధే. హైదరాబాద్‌లో ఉంటే షాపుకెళ్లి రెండు మూడు పెట్టి చూసుకోవచ్చు. కానీ ములుగు జిల్లా పాలంపేట లాంటి ఊళ్లో ఉంటే? రామప్ప గుడి ఉన్న ఊరు కాబట్టి ప్రపంచమంతా అక్కడికి వస్తుంది. 1213లో కట్టిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. మాస్క్ పెట్టి చూపించే షాపు కావాలంటే మాత్రం ఊరు దాటి వరంగల్ వైపో, రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కో వెళ్లాలి. అందుకే చాలామంది ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టేస్తారు. ముఖానికి పెట్టుకునే వస్తువు కాబట్టి ప్యాక్ విప్పాక చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు. అంటే సైజు తప్పితే డబ్బు పోయినట్టే.

గురకే కదా అని వదిలేస్తే..

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' సినిమాలకు సంగీతం ఇచ్చిన బప్పీ లహిరి తెలుగువాళ్లకు బాగా తెలిసిన పేరు. 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబైలో ఆయన కన్నుమూశారు. మరణానికి కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని చికిత్స చేసిన ఆస్పత్రి ప్రకటించింది. అప్పటిదాకా ఆ జబ్బు పేరే వినని ఇళ్లలో కూడా ఆ వారం దాని గురించి మాట్లాడుకున్నారు.

ఈ జబ్బులో జరిగేది ఇదీ. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియా కింద లెక్కేస్తారు. గంటకు ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయో చెప్పే అంకె ఏహెచ్‌ఐ. ఊపిరి పూర్తిగా ఆగకపోయినా బాగా తగ్గిన సందర్భాలు కూడా ఇందులో కలుస్తాయి. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం. బీపీ, గుండె జబ్బులు, పక్షవాతం ముప్పుకూ దీనికీ సంబంధం ఉంది. నిద్రమత్తులో బండి నడిపితే వచ్చే ప్రమాదం సంగతి వేరే చెప్పక్కర్లేదు.

సీపాప్ మెషిన్ గాలిని కొంచెం ఒత్తిడితో పంపి ఆ దారి మూసుకుపోకుండా నిలబెడుతుంది. మామూలుగా ఈ ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానంగా ఉంటుంది. ఆ ఒత్తిడి గొంతు దాకా చేరాలంటే మధ్యలో ఉన్న మాస్క్ సరిగ్గా అతుక్కోవాలి. అక్కడ లీకైతే మెషిన్ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు.

మొదటి మాస్క్ ముఖం అచ్చు తీసి చేసిందే!

సీపాప్‌ను కనిపెట్టింది ఆస్ట్రేలియా డాక్టర్ కొలిన్ సల్లివాన్. 1980లో సిడ్నీలో మొదటిసారి ఒక రోగి మీద వాడారు. మరుసటి ఏడాది 'లాన్సెట్' పత్రికలో ఐదుగురు రోగుల వివరాలతో ఆ పరిశోధన అచ్చయింది. అప్పట్లో షాపుల్లో మాస్కులు ఎక్కడివి? ఒక్కో రోగి ముక్కుకు ప్లాస్టర్‌తో అచ్చు తీసి, దాన్నిబట్టి మాస్క్ తయారుచేసి, ప్రతి రాత్రీ సిలికాన్ జిగురుతో ముఖానికి అంటించేవారు. వినడానికే ఇబ్బందిగా ఉన్నా, ఆ మాస్క్ ఆ ఒక్క ముఖానికే పుట్టింది. ఇప్పుడు దొరికేవి ఫ్యాక్టరీలో స్మాల్, మీడియం, లార్జ్ అని పోసినవి. మన ముఖాలు మాత్రం ఆ మూడు సైజుల్లో పుట్టవు కదా. అసలు తిప్పలంతా ఇక్కడే.

ఏ రకం మాస్క్? ముందు ముక్కు సంగతి చూడండి

సీపాప్ మాస్కులు ప్రధానంగా మూడు రకాలు. ముక్కు మొత్తాన్ని కప్పే త్రికోణం లాంటిది నేజల్ మాస్క్. ముక్కు రంధ్రాల దగ్గర రెండు మెత్తటి బుడిపెల్లా కూర్చునేది నేజల్ పిల్లోస్. ముక్కునూ నోటినీ కలిపి కప్పేది ఫుల్ ఫేస్ మాస్క్. వీటి మధ్యలో, ముక్కును పైనుంచి కప్పకుండా కింద నుంచి తొట్టిలా ఆనుకునే రకం కూడా వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని టీవీ చూస్తూ నిద్రలోకి జారుకునేవాళ్లకు అది హాయిగా ఉంటుంది.

చాలామంది చేసే పొరపాటు.. 'నాకు నోరు తెరిచి పడుకునే అలవాటు, కాబట్టి ఫుల్ ఫేసే కావాలి' అని నేరుగా అదే కొనేయడం. పెద్ద మాస్క్ అయితే బాగా పనిచేస్తుందనే నమ్మకం కూడా ఉంది. నిజానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మామూలుగా ముక్కు మాస్కులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఫుల్ ఫేస్‌లో సీలు వేయాల్సిన చుట్టుకొలత ఎక్కువ, కాబట్టి లీకయ్యే చోట్లూ ఎక్కువే. పట్టీలు బిగిస్తే అది గడ్డాన్ని వెనక్కి నెడుతుంది. గడ్డం వెనక్కి పోతే నాలుక కూడా వెనక్కి జరిగి గొంతు దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే కొందరికి ఫుల్ ఫేస్‌తో ఒత్తిడి పెంచాల్సి వస్తుంది.

అలాగని అది పనికిరానిదని కాదు. ముక్కు ఎప్పుడూ దిబ్బడేసి ఉండేవాళ్లకు, నేజల్ మాస్క్ పెట్టినా నోరు మూసుకోనివాళ్లకు అదే దారి. కాకపోతే ముందు ముక్కు ఎందుకు దిబ్బడేస్తోందో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి. ముక్కు మధ్య గోడ వంకరగా ఉందా, దుమ్ము ఎలర్జీయా, కండ పెరిగిందా? చికిత్సతో ముక్కు తెరుచుకుంటే చిన్న మాస్క్‌తోనే పని జరిగిపోతుంది. నోరు తెరుచుకుంటోందని ఎవరో వీడియోలో చెప్పారని మూతికి టేపు వేసుకోవడం మాత్రం వద్దు. ముక్కు మూసుకుపోయిన రాత్రి అది ప్రమాదం.

స్కూలు స్కేలుతో ఇంట్లోనే కొలవండి

ఆర్డర్ పెట్టేముందు పిల్లల జామెట్రీ బాక్స్‌లోంచి స్కేలు తీసుకుని అద్దం ముందు నిలబడండి. ఇంకొకరు కొలిస్తే ఇంకా మంచిది. నవ్వకుండా, ముఖం వదులుగా ఉంచాలి. కొలతలు మిల్లీమీటర్లలో రాసుకోవాలి.

నేజల్ మాస్క్‌కు, పిల్లోస్‌కు ముఖ్యమైన కొలత ముక్కు వెడల్పు. అంటే ముక్కు రంధ్రాల పక్కన రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే భాగాల చివరి నుంచి చివరికి. ముక్కును నొక్కకూడదు. ముక్కును పూర్తిగా కప్పే రకమైతే ఎత్తు కూడా కావాలి. రెండు కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే పల్లం నుంచి, ముక్కు కింద పై పెదవి మొదలయ్యే చోటు వరకు కొలవాలి. ఫుల్ ఫేస్‌కైతే అదే పల్లం నుంచి కింది పెదవి కింద ఉండే గుంట వరకు. ఇది కొలిచేటప్పుడు నోరు కొద్దిగా తెరవాలి, ఎందుకంటే నిద్రలో నోరు ఉండేది అలాగే.

ఈ అంకెలు చేతిలో ఉంచుకుని ఆ మాస్క్ కంపెనీ ఇచ్చే సైజు చార్టుతో పోల్చాలి. ఒక కంపెనీ మీడియం, ఇంకో కంపెనీ మీడియం ఒక్కటి కావు. చెప్పులకు ఒక్కో బ్రాండ్‌లో ఒక్కో నంబర్ పట్టినట్టే ఇదీనూ. చాలా కంపెనీలు ముఖం మీద పెట్టి చూసుకునే కాగితం కొలత పట్టీని వెబ్‌సైట్లలో ఉంచుతాయి. దాన్ని ప్రింట్ తీస్తే జూమ్ చేయకుండా అసలు సైజులోనే తీయాలి. లేదంటే కొలత మొత్తం తప్పుతుంది. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే ముందు చిన్నదే పెట్టి చూడమని ఎక్కువగా చెబుతారు. పిల్లోస్ విషయంలో మాత్రం రంధ్రాన్ని బలవంతంగా సాగదీసేంత పెద్దదీ వద్దు, లోపలికి దూరిపోయేంత చిన్నదీ వద్దు.

ముఖం తీరును బట్టి ఇలా..

ముక్కు వెడల్పుగా, పైభాగం చదునుగా ఉన్నవాళ్లకు మామూలు మీడియం మాస్క్‌లో పక్కలు బిగుతుగా, పైన ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోంచి గాలి నేరుగా కళ్లలోకి కొడుతుంది. వీళ్లు లార్జ్ కొంటే వెడల్పు సరిపోతుంది గానీ ఎత్తు ఎక్కువై ఇంకా లీకవుతుంది. పరిష్కారం 'వైడ్' సైజు. ఎత్తు అంతే ఉండి వెడల్పు మాత్రం ఎక్కువగా ఉండే 'స్మాల్ వైడ్', 'మీడియం వైడ్' లాంటివి కొన్ని మోడళ్లలో దొరుకుతాయి. ముక్కు పైభాగాన్ని అసలు తాకని కింది నుంచి ఆనుకునే రకం కూడా వీళ్లకు బాగా కుదురుతుంది. షాపువాళ్లు ఉన్న స్టాకే అంటగడతారు కాబట్టి 'వైడ్ ఉందా?' అని మనమే అడగాలి.

ముక్కు ఎముక ఎత్తుగా, కొనదేలి ఉన్నవాళ్ల కష్టం దీనికి తిరకాసు. మాస్క్ బరువంతా ఆ ఎముక మీదే పడి చర్మం ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. నుదుటి దగ్గర సర్దుబాటు ఉన్న మోడల్ అయితే ఆ ఒత్తిడి పంచుకుపోతుంది. లేదంటే పిల్లోస్. పొద్దున మాస్క్ తీశాక కనిపించే గీత కాసేపట్లో పోతే కంగారు అక్కర్లేదు. మధ్యాహ్నం దాకా ఉన్నా, చర్మం చిట్లినా ఆ మాస్క్ మీకు సరిపోలేదని అర్థం.

గడ్డం చిన్నగా, లోపలికి ఉన్నవాళ్లకు ఫుల్ ఫేస్ మాస్క్ కింది అంచు నిలవదు, జారిపోతుంది. బుగ్గలు లోపలికి పోయినవాళ్లకు పక్కల నుంచి గాలి పోతుంది. ఇక్కడే కట్టుడు పళ్ల సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్లు షాపులో పళ్ల సెట్టు పెట్టుకుని మాస్క్ చూసుకుంటారు, రాత్రి సెట్టు తీసి గ్లాసులో వేసి పడుకుంటారు. పళ్లు తీయగానే బుగ్గలు, మూతి ఆకారం మారిపోతుంది. పగలు అతికిన మాస్క్ రాత్రి లీకవుతుంది. రాత్రి ఎలా పడుకుంటారో అలాగే ఉండి మాస్క్ చూసుకోవాలి.

మీసం దట్టంగా పెంచే మగవాళ్లకు ముక్కు కింద ఆనే ప్రతి మాస్కూ పేచీయే. వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతుంది. గడ్డం కూడా ఉంటే ఫుల్ ఫేస్ సీలు పడటం కష్టం. మీసం తీయక్కర్లేకుండా కుదిరేది ఎక్కువగా పిల్లోస్ రకం, ఎందుకంటే దాని సీలు రంధ్రాల అంచుల దగ్గరే ఉంటుంది. రోజు మార్చి రోజు గడ్డం గీసుకునేవాళ్లకు ఇంకో చిక్కు.. రెండో రోజు మొలిచే గరుకు వెంట్రుకలే మెత్తటి సిలికాన్‌ను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. రాత్రి పడుకునే ముందు గీసుకుంటే కొంత నయం.

ముక్కుపుడక తీయనంటే ఎలా?

సీపాప్ కంపెనీల పుస్తకాల్లో ఈ ప్రశ్న కనిపించదు గానీ మన ఇళ్లలో మొదట వచ్చేది ఇదే. పెళ్లప్పటి నుంచి ఒక్కరోజూ ముక్కుపుడక తీయని పెద్దమ్మలు, అమ్మమ్మలు ఎందరో. పుడక ఉండగా పిల్లోస్ పెడితే లోపలి మర సిలికాన్‌కు గుచ్చుకుంటుంది, ముక్కు లోపల పుండు పడుతుంది. కింది నుంచి ఆనే రకానికీ అదే ఇబ్బంది. ముక్కు మధ్యలో బులాకీ ఉంటే ఆ రెండు రకాలూ కుదరనే కుదరవు.

రాత్రికి తీసేయగలిగితే అదే మంచిది. తీయనంటే బలవంతం చేయడం కంటే మాస్క్ రకం మార్చడం తేలిక. ముక్కును పూర్తిగా కప్పే నేజల్ మాస్క్‌లో గానీ ఫుల్ ఫేస్‌లో గానీ సీలు ముక్కు చుట్టూ పడుతుంది, పుడక లోపల ఉండిపోతుంది. అంచు పుడకకు ఆనకుండా చూసుకుంటే చాలు. పెద్ద రాయి ఉన్న పుడక బదులు చిన్నది, చదునైనది పెట్టుకుంటే ఇంకా సులువు. ఈ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకు తట్టదు, రాసిన మాస్క్ పెట్టుకోలేక ఆవిడ చికిత్సే మానేస్తారు.

కొప్పు, జడ కూడా చూసుకోవాలి. గొట్టం నడినెత్తి నుంచి వచ్చే మోడళ్లు కొప్పున్నవాళ్లకు రాత్రంతా పక్కకు జరుగుతుంటాయి. వదులుగా జడ వేసుకుని పడుకుంటే పట్టీ నిలుస్తుంది. తలకు, ముఖానికి నూనె రాసుకుని వెంటనే మాస్క్ పెడితే జారుతుంది. రాత్రి నూనె మానేసి, పడుకునే ముందు ముఖం సబ్బుతో కడుక్కుని తుడుచుకోవాలి. ఫేస్ క్రీములకూ ఇదే మాట.

కూర్చుని కాదు, పడుకుని పెట్టుకోండి

మాస్క్ వచ్చాక చాలామంది మంచం మీద కూర్చుని, మెషిన్ ఆన్ చేయకుండానే పట్టీలు బిగిస్తారు. పడుకోగానే ముఖం కండ పక్కలకు జారుతుంది, బిగింపు మొత్తం మారిపోతుంది. వెల్లకిలా పడుకుని, మెషిన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా సర్దాలి. కొన్ని మెషిన్లలో 'మాస్క్ ఫిట్' అనే ఆప్షన్ ఉంటుంది. అది నొక్కితే కాసేపు ఎక్కువ ఒత్తిడితో గాలి వదిలి, సీలు ఎలా ఉందో చూపిస్తుంది.

పట్టీలు ముందు వదులుగా ఉంచండి. మాస్క్‌ను ముఖం నుంచి ఒక్కసారి ముందుకు లాగి, లోపలి పల్చటి సిలికాన్ పొర గాలితో ఉబ్బనిచ్చి, మెల్లగా ముఖం మీద ఆనించండి. ఆ తర్వాత రెండు వైపులా సమానంగా కొంచెం కొంచెం బిగించాలి. సీలు వేసేది ఆ ఉబ్బిన పొరే. లీకవుతోందని ఇంకా ఇంకా బిగిస్తే ఆ పొర నలిగిపోయి లీకు మరింత పెరుగుతుంది. పట్టీ కింద వేళ్లు సులువుగా దూరాలి. తర్వాత కుడికి, ఎడమకు తిరిగి పడుకుని చూడాలి. దిండుకు తగిలి మాస్క్ జరిగితే దిండు మార్చినా సరిపోతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. మాస్క్ ముందు భాగంలో చిన్న చిన్న రంధ్రాల్లోంచి గాలి బయటికి పోతుంటుంది. అది లీకు కాదు. మనం వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడానికి పెట్టిన దారి. చప్పుడొస్తోందని, పక్కవాళ్లకు గాలి తగులుతోందని ప్లాస్టర్ వేసి మూసేసేవాళ్లున్నారు. అస్సలు చేయొద్దు.

లీకు ఎంతుందో పొద్దున మెషిన్ స్క్రీన్ మీద చూడొచ్చు. రెస్‌మెడ్ మెషిన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే లీకు ఎక్కువ అని చూపిస్తుంది. మిగతా కంపెనీలు వేరే లెక్కలో చూపిస్తాయి, కాబట్టి పక్కింటివాళ్ల అంకెతో పోల్చుకోవద్దు. మాస్క్ రకం మార్చినప్పుడు మెషిన్ సెట్టింగ్స్‌లో కూడా పిల్లోసా, నేజలా, ఫుల్ ఫేసా అన్నది మార్చాలి. ఇది మర్చిపోయి లెక్కలన్నీ తేడాగా వస్తున్నాయని కంగారు పడుతుంటారు. ఒత్తిడి అంకెలను మాత్రం డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు.

మెషిన్ ఒక కంపెనీది, మాస్క్ ఇంకో కంపెనీది అయినా ఫర్వాలేదు. గొట్టం తగిలించే చోటు చాలావరకు 22 మిల్లీమీటర్ల ప్రామాణిక సైజే. ప్రయాణాలకు వాడే కొన్ని బుల్లి మెషిన్లకు మాత్రం వాటి సొంత మాస్కులే కావాలి.

ఊపిరాడనట్టు అనిపిస్తే..

మొదటి రాత్రే ఎనిమిది గంటలు పెట్టుకోవాలని పట్టుబడితే భయమే మిగులుతుంది. పగలు టీవీ చూస్తూ మాస్క్‌ను చేత్తో పట్టుకుని ముఖానికి ఆనించుకోండి. మర్నాడు పట్టీలు పెట్టుకోండి. ఆ తర్వాత గాలి ఆన్ చేసి పావుగంట. అలా అలవాటయ్యాక రాత్రికి మార్చండి. మెషిన్‌లో 'ర్యాంప్' ఉంటే ఒత్తిడి తక్కువతో మొదలై మెల్లగా పెరుగుతుంది. ముక్కు, గొంతు ఎండిపోతుంటే హ్యూమిడిఫైయర్ వాడాలి. కడుపు ఉబ్బరంగా, గాలి నిండినట్టు ఉంటే డాక్టర్‌కు చెప్పాలి. అమెరికా మెడికేర్ లెక్కలో రాత్రికి కనీసం 4 గంటల చొప్పున 70 శాతం రాత్రులు వాడితేనే రోగి మెషిన్ సరిగ్గా వాడుతున్నట్టు. మొదటి నెలలో అక్కడిదాకా చేరినా మంచి మొదలే.

కరెంటు పోతే పరిస్థితేంటి?

ఊళ్లలో ఎక్కువమందికి ఉన్న భయం ఇది. ఫుల్ ఫేస్ మాస్కులకు ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. మెషిన్ ఆగిపోగానే అది తెరుచుకుని బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ వాల్వ్‌కు దుమ్ము పట్టిందా, బిగుసుకుపోయిందా అని అప్పుడప్పుడు చూడాలి. నేజల్ మాస్క్ అయితే నోటితో ఊపిరి తీసుకోవచ్చు. అయినా కరెంటు పోయాక మాస్క్ పెట్టుకునే పడుకోవడం సరికాదు, తీసేయాలి. ఇన్వర్టర్ ఉంటే మెషిన్ ప్లగ్గును ఆ లైనుకు మార్పించుకోండి. హ్యూమిడిఫైయర్ ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

సొంతంగా మాస్క్ తీసుకోలేనివాళ్లకు, అంటే పక్షవాతం వచ్చి చేతులు ఆడనివాళ్లకు, వాంతులు అవుతున్నవాళ్లకు ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టకూడదు. మాస్క్‌లో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

ఇంట్లో పేస్‌మేకర్ ఉన్నవాళ్లున్నారా?

కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతం క్లిప్పులు ఉంటాయి. టక్కున అతుక్కుంటాయి, తీయడం తేలిక. కానీ పేస్‌మేకర్, మెదడులో క్లిప్పులు, కొన్ని రకాల స్టెంట్లు లాంటివి ఉన్నవాళ్లకు ఇవి ప్రమాదం కావచ్చని ఫిలిప్స్ 2022 సెప్టెంబర్‌లో, రెస్‌మెడ్ 2023 నవంబర్‌లో హెచ్చరికలు ఇచ్చాయి. అయస్కాంతానికీ ఆ పరికరానికీ మధ్య కనీసం 6 అంగుళాల దూరం ఉండాలి. మాస్క్ పెట్టుకునేవాళ్లకే కాదు, అదే మంచం మీద పక్కన పడుకునేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. అలాంటివాళ్లుంటే అయస్కాంతం లేని మోడల్ అడిగి తీసుకోండి.

ఎప్పుడు మార్చాలి?

ముఖానికి ఆనే సిలికాన్ భాగాన్ని రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లు, తక్కువ గాఢత సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే గట్టిపడుతుంది. స్పిరిట్, బ్లీచింగ్, డెట్టాల్ లాంటివి వద్దు. పట్టీలు వారానికోసారి ఉతకాలి. మొదట్లో బాగా అతికిన మాస్క్ కొన్ని నెలల తర్వాత లీకవడం మొదలుపెడితే సైజు తప్పని కాదు.. సిలికాన్ అరిగింది, లేదా పట్టీ సాగింది. చాలా మోడళ్లలో ఆ ముక్క ఒక్కటే విడిగా కొనొచ్చు, మాస్క్ మొత్తం కొనక్కర్లేదు. బరువు బాగా తగ్గినా, పెరిగినా, పళ్లు తీయించుకున్నా ముఖం మారుతుంది కాబట్టి మళ్లీ కొలుచుకోవాలి.

ఫోన్‌లో షాపువాళ్లతో మాట్లాడేముందు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: మెషిన్ పేరు, డాక్టర్ రాసిన ఒత్తిడి, ముక్కు వెడల్పు, ముక్కు పల్లం నుంచి కింది పెదవి కింద వరకు కొలత, మీసం లేదా ముక్కుపుడక ఉందా, పళ్ల సెట్టు ఉందా, పేస్‌మేకర్ ఉందా. పాత మాస్క్ ఉంటే దాని సైజు, గాలి ఎటువైపు లీకవుతోందో కూడా చెప్పండి. కంటివైపా, బుగ్గవైపా, గడ్డంవైపా అన్న ఒక్క మాటతోనే తెలిసినవాళ్లు సగం లెక్క తేలుస్తారు. సైజు కుదరకపోతే మార్చిస్తారా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.